బంగళా చేను మిద్దె కూలిన తర్వాత

పాత కట్టడాలు బాగుచేసే పనిలోకి కొత్తగా వచ్చిన ముగ్గురు ఇంజనీర్లు ఈ మధ్య మా ఇంటికి వచ్చారు. "మీ సర్వీసులో ముఖ్యమైన పనుల గురించి చెప్పండి మేడమ్" అని అడిగారు. టీ తాగుతూ గంటన్నర చెప్పాను. బురుజుల గురించి, ఒక పాత సత్రం గురించి, కోట గోడలో రాళ్లు జారిపోకుండా నిలబెట్టిన పద్ధతి గురించి. వాళ్లు నోట్‌బుక్కుల్లో రాసుకుని సంతోషంగా వెళ్లారు. గేటు వేసి లోపలికి వస్తుంటే సిగ్గనిపించింది. అన్నీ బాగా వచ్చిన పనులే చెప్పాను. వాళ్లకు అక్కరకొచ్చేది ఒక్కటీ చెప్పలేదు. ఆ మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

నేను కర్నూలులోనే పుట్టి, పెరిగి, సివిల్ ఇంజనీరింగ్ చదివాను. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వంలో పనిచేసి రెండేళ్ల కింద రిటైరయ్యాను. ఏ శాఖ అన్నది ఇక్కడ అనవసరం. శిథిలమవుతున్న కట్టడాన్ని నిలబెట్టి, నలుగురూ వచ్చి చూసేలా చేయడం నా పని. మొదట్లో సైటుకు వెళ్తే, "ఇంజనీరు సారు ఎప్పుడొస్తాడుమా?" అని నన్నే అడిగేవారు. "నేనే" అంటే నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసేవారు. అట్లాంటివాళ్ల ముందు తడబడకూడదని నేనొక అలవాటు చేసుకున్నాను. ఏది అడిగినా వెంటనే, గట్టిగా జవాబు చెప్పడం. అది నన్ను చాలాకాలం కాపాడింది. ఒకసారి మాత్రం నిలువునా ముంచింది.

చేను

బనగానపల్లె నుంచి గండికోట వైపు వెళ్లే దారిలో, నల్లరేగడి పొలాల మధ్య బంగళా చేను ఉంది. తెల్లదొరల కాలంలో ఒక దొర కొత్తరకం పత్తి విత్తనాలు వేసి చూడటానికి అక్కడ బంగళా కట్టుకున్నాడట. ఆ విత్తనాలు మన ఎండలకు ఆగలేదు, దొరా ఆగలేదు. తర్వాత ఊళ్లోని ఒక రైతు కుటుంబం దాన్ని కొని, మూడు తరాల పాటు నాటుపత్తి పండించింది. గింజ తీయడం, బేళ్లు కట్టడం, అన్నీ అక్కడే.

నేను మొదటిసారి వెళ్లేసరికి బంగళా, తుప్పుపట్టిన బేళ్ల ప్రెస్సు, ఒక దిగుడుబావి, వాటన్నిటికంటే పెద్దదైన పత్తి గోదాము మిగిలాయి. గోదాము గోడలు నాపరాళ్లవి. కప్పు మిద్దె. అంటే, గోడ నుంచి గోడకు లావుపాటి దూలాలు, వాటి మీద అడ్డంగా సన్నటి దంతెలు, వాటి మీద నాపబండలు, అన్నిటికీ పైన జానెడు మందాన చౌడుమన్ను. మా సీమలో పాత ఇళ్లన్నిటికీ అదే కప్పు. ఏటా వానలకు ముందు కొత్త చౌడు పోసి తొక్కితే ఇల్లు కురవదు.

ఆ చేను సుభద్రమ్మ గారిది. కర్నూలులో కాలేజీ లెక్చరరుగా వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. అన్నదమ్ములు తలా ఒక వ్యాపారంలోకి వెళ్లిపోగా, ఈ చేను ఆమె వాటాకు వచ్చింది. సోలారు పలకలు పెట్టేవాళ్లు లీజుకు అడుగుతున్నారు. ఆమె ఇవ్వలేదు.

"గండికోటకు ఇంతమంది పోతాండారు కదా" అన్నారు నాతో. "వాళ్లు ఈడ ఒక పూట ఆగితే చాలు. పత్తి యాడ కాస్తాది, గింజ ఎట్ల తీస్తారు, దూది ఎట్ల ఏకుతారు, అన్నీ కండ్లతో చూసి పోతారు. మా ఊరి ఆడోళ్లకు పనీ ఉంటాది. మ్యూజియం మాదిరి తాళమేసి పెట్టేది నాకొద్దు."

మా శాఖ ఆ ప్రతిపాదన ఒప్పుకుంది. బాగుచేసే బాధ్యత నాకు వచ్చింది.

దూది ఏకే మనిషి కూడా ఊళ్లోనే దొరికింది. హుస్సేనమ్మ. డెబ్బై దాటిన మనిషి, దూదేకుల కుటుంబం. చిన్నతనంలో తండ్రి వెంట ఊరూరూ తిరిగి, విల్లుతో దూది ఏకి పరుపులు కుట్టింది. మిషన్లు వచ్చాక విల్లు అటక మీదికి పోయింది. సుభద్రమ్మ గారు అడిగితే దాన్ని దించి, కొత్త నారి కట్టి, ఊళ్లోని ఏడుగురు ఆడవాళ్లకు నేర్పడం మొదలుపెట్టింది. ఆమె తమ్ముడు మాబూసాబ్ తాపీ మేస్త్రీ. దూది పని లేని ఎండాకాలంలో వాళ్ల తండ్రి మిద్దెల పనికి పోయేవాడు, ఆయన తర్వాత ఆ గోదాము మిద్దెకు ఏటా చౌడు తొక్కింది అతనే. అందుకని పనికి అతన్నే పెట్టుకున్నాం.

మాబూసాబ్ అడిగిన ప్రశ్న

నా మొదటి ఆలోచన సరైనదే. మిద్దె మొత్తం విప్పి, దూలాలు చూసి, పాడైనవి మార్చి, మళ్లీ కప్పాలి. ఎస్టిమేటులో అట్లాగే రాశాను. కానీ అంతలో దసరాకు ప్రారంభోత్సవమని, దానికి ఒక పెద్దమనిషి వస్తారని కబురు వచ్చింది. మా పెద్దసారు ఫోన్ చేసి, "అంతా విప్పితే దసరాకు అవుతుందా?" అన్నారు. కాదన్నాను. "మరి అయ్యే దారి చూడండి" అన్నారు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. విప్పొద్దని ఆయన చెప్పలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మన పైవాళ్లు తరచుగా తేదీ మాత్రమే చెప్తారు, తప్పు మనమే ఎంచుకుంటాం.

పాత చౌడు అట్లాగే ఉంచి, దాని మీద వైరుమెష్ పరిచి కాంక్రీటు పోయిద్దామని నిర్ణయించాను. దూలాలను కింద నుంచి సుత్తితో కొట్టి చూశాను. చేతికి అందిన చోటల్లా గట్టిగా మోగాయి. గోడలోకి చొచ్చుకుపోయిన కొనలను మాత్రం చూడలేదు. చూడాలంటే గోడ విప్పాలి.

మాబూసాబ్ తలపాగా తీసి భుజం మీద వేసుకుని చాలాసేపు మిద్దె మీదే నిలబడ్డాడు. తర్వాత దిగి వచ్చి అడిగాడు.

"మేడమ్, చౌడు తడిస్తే రెండెండలకు ఆరిపోతాది. ఈ సిమెంటు కింద నీళ్లు పడితే అవి యాడికి పోతాయి?"

"కాంక్రీటు వేస్తే నీళ్లు కిందికి పోవు మాబూ" అన్నాను, వెంటనే, గట్టిగా.

"గోడ అంచులో బీట పడితేనో?"

"పడదు."

అతను తలపాగా మళ్లీ చుట్టుకుని పనిలోకి దిగాడు. నేను చెప్పింది చెప్పినట్టు చేశాడు. చాలా శుభ్రంగా చేశాడు.

ఇన్నేళ్ల తర్వాత కూడా నన్ను బాధించేది ఆ "పడదు" అన్న మాటే. అప్పుడు నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పడం అంత కష్టమా అంటే, ఆ రోజు నాకు కష్టమే.

దూది మీద మన్ను

ఆ ఏడు వానలు ఆలస్యంగా వచ్చినా గట్టిగా వచ్చాయి. మూడు రోజులు ముసురు పట్టింది. మూడో రోజు మధ్యాహ్నం నేను కర్నూలు ఆఫీసులో ఉన్నాను. గోదాములో హుస్సేనమ్మ, ఆమె దగ్గర నేర్చుకునే ఆడవాళ్లు పనిలో ఉన్నారు. అక్కడ జరిగింది తర్వాత లక్ష్మీదేవి అనే ఆమె చెప్పగా విన్నాను. పత్తి తీయడంలో ఊళ్లో ఆమెను మించినవాళ్లు లేరు. ఆ రోజు గింజ తీసే చేతి మిషను తిప్పుతూ గోదాము చివర కూర్చుంది.

హుస్సేనమ్మ ఏకిన దూది ముందు కుప్పగా పోసి ఉంది. దాని మీద ఎర్రగా నలకలు కనిపించాయి. చేత్తో దులిపింది. మళ్లీ పడ్డాయి. నేల మీద రాలి ఉంటే ఎవరికీ కనిపించేవి కావు. తెల్లటి దూది కాబట్టి కనిపించాయి. ఆమె తలెత్తి పైకి చూసింది. దూలం కొన దగ్గర గోడలో నుంచి మన్ను సన్నగా కారుతోంది.

"లెయ్యండే! బయటికి పోండి! మిద్దె దిగుతాండాది!" అని కేకలు పెట్టింది.

ఆరుగురు వానలోకి పరుగెత్తారు. లక్ష్మీదేవికి వినపడలేదు.

"ఆ మిషను గరగరలో నాకేం ఇనపడల్యా మేడమ్" అని చెప్పింది నాతో. "ఎవురో నా జుట్టు పట్టుకోని ఇగ్గినారు. కోపం వచ్చి తిరిగి చూస్తి. హుస్సేనవ్వ. అందరితో బయటికి పోయిన మనిషి నా కోసం మళ్లా వచ్చింది. ఇద్దరం వాకిలి దాకా వచ్చినాం. నేను ముందర బయట పడితి. ఎనకాల దబ్బుమనె."

రెండు దూలాల మేర కప్పు కూలింది. ఒక నాపబండ హుస్సేనమ్మ కుడి పాదం మీద పడింది. ఊళ్లోవాళ్లు గడ్డపారలతో బండ లేపి, ట్రాక్టరులో బనగానపల్లెకు, అక్కడి నుంచి అంబులెన్సులో కర్నూలు పెద్దాసుపత్రికి తెచ్చారు. ఫోన్ రాగానే నేను ఆసుపత్రికి పరుగెత్తాను. సుభద్రమ్మ గారు అప్పటికే వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నారు. చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా తడిసి ఉన్నాయి. నన్ను చూసి లేచారు.

"ఎంతమంది చచ్చిపోయేవాళ్లో తెలుసా?" అన్నారు. గొంతు పెంచలేదు. "మీరు పోండి. ఇప్పుడు నేను మీతో మాట్లాడలేను."

వార్డు తలుపు దాకా వెళ్లి, లోపలికి పోకుండా తిరిగి వచ్చేశాను.

గోనెసంచిలో దూలం ముక్క

మర్నాడు పెద్దసారు పిలిచారు. ఆయన చెడ్డమనిషి కాదు. నా కష్టాల్లో రెండు మూడుసార్లు ఆదుకున్న మనిషే. కానీ ఆ రోజు భయపడ్డారు. భయపడినవాళ్లు చాలా నెమ్మదిగా మాట్లాడతారు.

"పని చేసింది ఎవరు?"

"మాబూసాబ్ అని, ఊరి మేస్త్రీ."

"పనితనం లోపం అని రాయండి. కాంక్రీటు అంచు సరిగ్గా వేయలేదు, నీళ్లు దిగాయి, అంతే. అతనికి పోయేదేముంది? లైసెన్సా, ఉద్యోగమా? మీకింకా సర్వీసుంది."

నేను రాశాను. దీన్ని దాచదలచుకోలేదు. నా టేబులు దగ్గర కూర్చుని, రెండు పేజీల నివేదిక, మంచి భాషలో, మాబూసాబ్ మీద రాశాను. సంతకం ఒక్కటే మిగిలింది. సంతకం రేపు పెడదామని సొరుగులో పెట్టాను.

మర్నాడు పదకొండు గంటలకు మాబూసాబే ఆఫీసుకు వచ్చాడు. భుజం మీద గోనెసంచి. అక్కకు ఆపరేషనయ్యాక ఊరికి పోయి, తెల్లవారి బస్సుకు మళ్లీ వచ్చాడట. సంచి కింద దించి, అందులో నుంచి మూరెడు దూలం ముక్క తీసి నా టేబులు మీద పెట్టాడు.

"మీరు చూడాలంటారని తెచ్చినా మేడమ్. గోడలో ఉండే కొన ఇది. ఏలు పెట్టి చూడండి."

వేలు పెట్టాను. తడిసిన రొట్టెలాగా లోపలికి దిగిపోయింది.

"ఇది శానా ఏండ్ల నుంచి పుచ్చుతాండాది" అన్నాడు. "పై మన్ను ఆరినన్నాళ్లు ఎట్లనో మోసింది. సిమెంటు కింద నీళ్లు నిలిచి మన్ను నానె. బరువెక్కె. ఇది తట్టుకోల్యాకపాయ." ముక్కను నా వైపు జరిపాడు. "నాది గూడా తప్పే మేడమ్. మా నాయన ఉంటే మీ మాట ఇనకుండా గోడ ఇప్పి చూపించేటోడు. నేను మీకు ఎదురు చెప్పలేకపోతి. నా అక్క కాలు నేనే పోగొడితి."

అతను ఏడుస్తాడేమోనని భయపడ్డాను. ఏడవలేదు. చేతులు కట్టుకుని ఆ ముక్క వైపే చూస్తూ నిలబడ్డాడు. నా మోకాలికి ఆనుకుని ఉన్న సొరుగులో అతని మీద రాసిన రెండు పేజీలు ఉన్నాయి. ఆ సంగతి అతనికి తెలియదు.

"కూర్చో మాబూ" అన్నాను. కుర్చీలో కూర్చోలేదు. నేనే లేచి నిలబడ్డాను. "అక్కకు ఎట్లుంది?" అని అడిగాను.

"నడుస్తాది అంటాండారు. వంకరగా నడుస్తాదంట."

అతను వెళ్లాక ఆ కాగితాలు చించేసి కొత్తగా రాశాను. మేస్త్రీ హెచ్చరించాడని, నేను వినలేదని, దూలాల కొనలు పరీక్షించకుండా కాంక్రీటు వేయించింది నేనేనని. అర పేజీ సరిపోయింది. పెద్దసారు చదివి, కళ్లజోడు తీసి టేబులు మీద పెట్టి, "ఇది పైకి పోతే వెనక్కి రాదు" అన్నారు. "తెలుసు సార్" అన్నాను. ఆయన ఏ వ్యాఖ్యా చేర్చకుండా పంపించారు. ఆ స్థితిలో అది కూడా చిన్న సాయం కాదు.

తర్వాత విచారణ నడిచింది, శిక్ష పడింది. వాటి గురించి ఇంతకంటే రాయను. అవి నాకు ఏమీ నేర్పలేదు. నేర్పాల్సింది ఆ దూలం ముక్క అప్పటికే నేర్పింది.

మళ్లీ కప్పడం

ఆరు నెలలు ఆ పని ఆగిపోయింది. సుభద్రమ్మ గారు ఇక వద్దంటారనుకున్నాను. సోలారువాళ్లు మళ్లీ వచ్చి వెళ్లారని విన్నాను. ఒకరోజు ఆమే ఫోన్ చేశారు.

"వాళ్లకు ఇచ్చేద్దామని అనుకున్నా" అన్నారు. "హుస్సేనమ్మ నాతో కొట్లాడింది. 'నా కాలు పోయింది గోదాము కోసం, నువ్వు దాన్ని అమ్ముకుంటావా' అని. మళ్లీ మొదలుపెడదాం. కానీ ఈసారి మాబూ ఔనంటేనే ఏ పనైనా. మీకు సమ్మతమైతే మీరే రండి. కొత్తవాళ్లు వస్తే మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి."

ఆ చివరి మాటలో క్షమ లేదు, దయ ఉంది. వెళ్లాను.

నాలుగు నెలలు మాబూసాబ్ చెప్పినట్టు పనిచేశాను. నా సర్వీసులో నేను ఇంజనీరింగ్ నేర్చుకున్నది అప్పుడే. ప్రతి దూలం కొన దగ్గరా గోడ విప్పించాడు. పుచ్చినవి తీసేసి వేప దూలాలు పెట్టాం. కొనల చుట్టూ గాలి ఆడేలా గోడలో సందు వదిలాం. అది నా లెక్క, అతనికి నచ్చింది. చౌడు ఎక్కడ తవ్వాలో అతనికే తెలుసు. వాగు పక్కన ఒక దిబ్బ మీద మన్ను తీసి నాలుక మీద వేసుకుని ఉప్పదనం చూసి, "ఇది కాదు" అని ఉమ్మేసి, ఇంకో చోటికి నడిచేవాడు. మూడో చోట తల ఊపాడు.

చివరి రోజు ఊళ్లోని ఆడామగా మిద్దె ఎక్కి వరసగా నిలబడి మన్ను తొక్కారు. సుభద్రమ్మ గారు కూడా ఎక్కారు. నేను కింద నిలబడి ఉంటే మాబూసాబ్ పై నుంచి, "మేడమ్, చెప్పులిప్పి రాండి, మీ బరువు గూడా కావాల" అని పిలిచాడు. అందరూ నవ్వారు. అతను నాతో సరదాగా మాట్లాడటం అదే మొదటిసారి.

చూడటానికి వచ్చేవాళ్లు

గొప్పగా ప్రారంభోత్సవం ఏమీ జరగలేదు. ఆ పెద్దమనిషి రాలేదు. గండికోటకు వెళ్లే కార్లు, కాలేజీ పిల్లల బస్సులు ఒకటొకటిగా ఆగడం మొదలైంది.

మొదటి నెలలో ఇంకో తప్పు బయటపడింది. ఇది అందరిదీ. వచ్చినవాళ్లు చేలోకి దిగి, పత్తి తీసే ఆడవాళ్ల ముఖాల దగ్గర ఫోన్లు పెట్టి ఫొటోలు తీసేవాళ్లు. ఒకామె లక్ష్మీదేవిని "కొంచెం వంగండి, నవ్వండి" అని అడిగింది. లక్ష్మీదేవి ఒడిలోని పత్తి గట్టు మీద పోసి ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాడు సుభద్రమ్మ గారూ నేనూ ఆమె ఇంటికి వెళ్లాం.

"మేం పని చేస్తాంటే చూడమను, వద్దనడంల్యా" అంది. "చూసే బదులు చెయ్యమను. ఒక సాలు వాళ్లకు ఇడుస్తాం. కాయ పగిలిన చోట ముల్లు ఎట్ల గీరుకుంటాదో వాళ్ల ఏళ్లకు తెలియాల. అప్పుడు ఫొటో అడిగితే నేనే నవ్వుతా."

అప్పటి నుంచి అదే పద్ధతి. ఒక సాలు, అంటే ఒక వరస మొక్కలు, వచ్చినవాళ్లకు. పది కాయలు తీసేసరికి వేళ్లు చూసుకుంటారు. అప్పుడు వాళ్లు అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. పాత చోటును పర్యాటకానికి తెరిచేటప్పుడు గోడల గురించి ఎన్ని డ్రాయింగులు వేస్తామో, అక్కడ పనిచేసే మనుషుల గురించి అందులో సగమైనా ఆలోచించం. నేను ఆలోచించలేదు. లక్ష్మీదేవి ఆలోచించింది.

హుస్సేనమ్మ ముందు

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. ఇది రాయడానికి ఎక్కువ కష్టపడ్డాను.

నా తప్పును కాగితం మీద ఒప్పుకున్నాను. పైవాళ్లకు తెలుసు, సుభద్రమ్మ గారికి తెలుసు, మాబూసాబ్‌కూ తెలుసు. ఎవరి కాలు విరిగిందో ఆ మనిషికి మాత్రం నేను నోరు తెరిచి చెప్పలేదు. మళ్లీ కప్పిన నాలుగు నెలల్లో ఆమెను రోజూ చూశాను. చేతికర్ర ఆనించి కుంటుతూ వచ్చి, పీట మీద కూర్చోలేక కుర్చీ వేయించుకుని, దాని మీద నుంచి విల్లు మీటడం కొత్తగా నేర్చుకుంటుంటే చూశాను. "బాగుండావామ్మా?" అంటే "బాగుండా" అనేది. నేను పక్కకు వెళ్లిపోయేదాన్ని. ప్రభుత్వానికి రాయడం ఒక మనిషి కళ్లలోకి చూసి చెప్పడం కంటే ఎంత సులువో నాకు అప్పుడు తెలిసింది.

రిటైరవడానికి వారం ముందు ఒక్కదాన్నే వెళ్లాను. సాయంత్రం నాలుగైంది. చూడటానికి వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. ఆమె ఒడిలో దూది పోసుకుని అందులో నలకలు ఏరుతోంది. ఎదురుగా నిలబడి, మధ్యలో ఆపితే మళ్లీ చెప్పలేనని గబగబా చెప్పేశాను. మీ తమ్ముడు ముందే హెచ్చరించాడు, నేను వినలేదు, నీ కాలు నా వల్లే పోయింది అని.

ఆమె ఏరడం ఆపలేదు.

"తెలుసుమా" అంది. "ఆసుపత్రిలోనే మాబు చెప్పినాడు. నీ తప్పేనని నువ్వు కాగితం మీద రాసిచ్చినావని గూడా తర్వాత చెప్పినాడు."

"మరి నన్నెప్పుడూ అడగలేదే?"

"అడిగితే చెప్పేది చెప్పినట్ల కాదు కదా. ఎప్పుడు చెప్తావో అని చూస్తాంటి. వస్తావు, బాగుండావా అంటావు, పోతావు. కోపం శానా వచ్చింది నీ మీద. కాలికి కాదు. కాలికి దేవుడుండాడు. నా మొగం చూడకుండా పోతాండావే, దానికి."

అక్కడే, ఆమె కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను. ఆమె నా వైపు చూసి, ఒడిలోని దూదిలో సగం తీసి నా ఒళ్లో పోసింది.

"నలకలు ఏరు" అంది. "చీకటి పడేలోపల ఇది కావాల."